బయాప్సీ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3: పీ53 రంగు

పోయిన భాగంలో కి-67 చూశాం, వంద కణితి కణాల్లో ఎన్ని విభజన బాట పట్టాయో చెప్పే అంకె. అది తేలిక. అండాశయ క్యాన్సర్ రిపోర్టులో దాని పక్కనే ఉండే పీ53 లైను దగ్గరే అసలు చిక్కు. పీ53 ఒక ప్రోటీన్, కణాల్లో అది ఉన్నచోట రంగు తేలేలా స్లైడు మీద చేసే పరీక్ష ఫలితమే ఈ లైను. మొదట్లో నేనూ దాన్ని పూర్తిగా తలకిందులుగా చదివాను.

కణం రెండు కావాలంటే ముందు డీఎన్ఏని కాపీ చేసుకోవాలి. ఆ పని మొదలెట్టమని తోసేది సైక్లిన్ ఇ, సీడీకే2 అనే ప్రోటీన్ల జంట. డీఎన్ఏ దెబ్బతిని ఉంటే పీ53 రంగంలోకి దిగి, పీ21 అనే ఇంకో ప్రోటీన్‌ని తయారు చేయించి దానితో ఆ జంటను కట్టేయిస్తుంది. మరమ్మతు కుదిరితే సరే, లేదంటే కణాన్నే చంపించేస్తుంది. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే హై గ్రేడ్ సీరస్ రకంలో ఈ బ్రేకు దాదాపు ఎప్పుడూ పాడై ఉంటుంది. 2011లో క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 316 కణితుల్లో జన్యువులు చదివితే 96 శాతంలో టీపీ53 (పీ53ని తయారు చేయించే జన్యువు) మ్యుటేషన్ దొరికింది. ఈ రకం చాలాసార్లు మొదలయ్యేది అండాశయంలో కాదు, ఫెలోపియన్ ట్యూబు చివర్లో. అక్కడ పైకి మామూలుగా కనిపించే కణాల్లో కూడా పీ53 అప్పటికే చెడి ఉండటం చూశారు.

మరి బ్రేకు చెడితే స్లైడు మీద రంగు తగ్గాలి కదా? చాలా రిపోర్టుల్లో "డిఫ్యూజ్, స్ట్రాంగ్", అంటే అంతటా ముదురు రంగు, అని ఉంటుందే!

ఇక్కడే కిటుకు. ఆరోగ్యంగా ఉన్న పీ53 తనను నాశనం చేసే ఎండీఎం2 అనే ప్రోటీన్‌ని తానే తయారు చేయిస్తుంది, అందుకే మామూలు కణంలో అది ఎక్కువసేపు నిలవదు, రంగు అక్కడక్కడా ఒకచోట లేతగా ఒకచోట ముదురుగా పడుతుంది. దీన్ని వైల్డ్ టైప్ అంటారు. ఒక్క అమైనో ఆమ్లం మారిన పీ53 ఆ ఎండీఎం2ని సరిగా పుట్టించలేదు, దాంతో పనికిరాని ప్రోటీన్ పేరుకుపోయి దాదాపు ప్రతి కేంద్రకం ముదురు రంగు తేలుతుంది. ఇక మ్యుటేషన్ ప్రోటీన్ తయారీనే మధ్యలో తెంపేస్తే రంగు బొత్తిగా ఉండదు, అది నల్ ప్యాటర్న్. అంటే అన్నీ ముదురైనా, అసలు లేకపోయినా చెడినట్టే. మధ్యలో ఉన్న గజిబిజే మంచిది! (రంగు కేంద్రకం బయట సైటోప్లాజంలో పడే రకం కూడా ఉంది, అరుదు.)

వైల్డ్ టైప్ అని రాస్తే క్యాన్సర్ కాదని మాత్రం అనుకోకండి, లో గ్రేడ్ సీరస్ రకంలో సాధారణంగా కనిపించేది అదే.

ఇప్పుడు సాధన. "కణితి కణాల్లో పీ53 రంగు లేదు, చుట్టూ ఉన్న లింఫోసైట్లలో లేతగా ఉంది." (లింఫోసైట్లంటే ఒక రకం తెల్ల రక్తకణాలు, కణితివి కావు.) ఏమంటారు? నల్, ఎందుకంటే పక్క కణాలు రంగు పట్టాయి కాబట్టి పరీక్ష సరిగానే జరిగింది. అదే లింఫోసైట్లలో కూడా రంగు లేకపోతే? అప్పుడు ఏదీ చెప్పలేం, మళ్లీ రంగు వేయాల్సిందే.

ఇంకొకటి మీకే వదిలేస్తున్నా: "పీ53 డిఫ్యూజ్ స్ట్రాంగ్, కి-67 డెబ్బై శాతం, సైక్లిన్ ఇ జీన్ కాపీలు బాగా పెరిగాయి." బ్రేకు ఏది, యాక్సిలరేటర్ ఏది, వేగం చెప్పే అంకె ఏది, రాసిపెట్టుకోండి, నాలుగో భాగం అక్కడి నుంచే.