మార్చి హడావిడికి ముందే పర్చేజ్ సెక్షన్‌లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సంక్రాంతి సెలవులు అయ్యాయంటే ప్రభుత్వ ఆఫీసు పర్చేజ్ సెక్షన్‌లో ఇండెంట్లు, అంటే ఫలానాది కొనమని వచ్చే కాగితాలు, కుప్పపడతాయి. మార్చి 31లోపు ఖర్చు చేయకపోతే బడ్జెట్ మురిగిపోతుందని అందరికీ టెన్షన్. చివరి నెలల్లో ఎగబడి ఖర్చు పెట్టడం తప్పని కేంద్ర ప్రభుత్వ ఖర్చుల నిబంధనల పుస్తకం జీఎఫ్‌ఆర్ (జనరల్ ఫైనాన్షియల్ రూల్స్) 2017లో 62వ రూల్ చెబుతూనే ఉంది. అయినా ఏటా ఇదే తంతు. ఈ రోజుల్లో జరిగే పొరపాట్లలో చాలావరకు, విషయం తెలిసిన మనిషి పక్క గదిలో ఉండగానే జరుగుతాయి.

హైదరాబాద్‌లో మా ఆఫీసులో జరిగిందే చెబుతాను. మేం వాడే కేంద్ర పోర్టల్‌లో టెండర్ పెట్టేటప్పుడే బిడ్లు ఎవరు తెరుస్తారో పేర్లు ఇవ్వాలి. వచ్చిన బిడ్లు వాళ్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లతోనే (డిజిటల్ సంతకం సర్టిఫికెట్ ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి పరికరాలు) తెరుచుకుంటాయి. మేం ఇద్దరి పేర్లే ఇచ్చాం, ఇద్దరూ తెరవాల్సిందే. అందులో ఒకాయన, సర్టిఫికెట్ గడువు అయిపోతోందని టోకెన్ ఫార్మాట్ చేయించి, కొత్తది అందులోనే ఎక్కించుకున్నారు. బిడ్లు తెరిచే రోజు ఎన్నిసార్లు పిన్ కొట్టినా తెరుచుకోలేదు. ఫార్మాట్ చేయడంతో, ఆ బిడ్లను తెరిచే పాత డిజిటల్ తాళంచెవి చెరిగిపోయింది మరి. టెండర్ రద్దు చేసి మళ్లీ పిలిచాం, బిడ్లకు మళ్లీ మూడు వారాల గడువు. పక్క సెక్షన్ మేడమ్‌కి అంతకుముందే ఇలా జరిగిందట. మేం అడగలేదు, ఆవిడకి చెప్పే సందర్భమూ రాలేదు. ఆ సాయంత్రం ఆవిడ ముఖంలో కనిపించిన బాధ నాకింకా గుర్తుంది.

అందుకే జనవరిలోనే అందరి టోకెన్ల గడువు తేదీలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. నలుగురి పేర్లు ఇచ్చి, వాళ్లలో ఏ ఇద్దరున్నా తెరిచేలా పెట్టుకోండి. కొత్త సర్టిఫికెట్ వేరే టోకెన్‌లో తీసుకోండి. పాత బిడ్లన్నీ తెరిచేదాకా పాత టోకెన్ బీరువాలోనే ఉండాలి. ఎంత తొందరున్నా టోకెన్ పిన్‌ను కంప్యూటర్ ఆపరేటర్‌కి చెప్పొద్దు.

పోయినేడాది టెండర్ డాక్యుమెంట్‌నే తేదీలు మార్చి వాడటం ఇంకో ప్రమాదం. పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ, అంటే పని సరిగ్గా చేస్తామని కాంట్రాక్టు దక్కినవాళ్లు కట్టే హామీ సొమ్ము, సంగతే చూడండి. జీఎఫ్‌ఆర్‌లో మొదట 5 నుంచి 10 శాతం ఉండేది, కొవిడ్ కాలంలో 2020 నవంబరులో తాత్కాలికంగా 3 శాతానికి తగ్గించారు. ఏ ఏడాది ఫైలు కాపీ కొడితే ఆ ఏడాది అంకె వచ్చి కూర్చుంటుంది. కొత్త సర్క్యులర్ వచ్చిన రోజే సెక్షన్‌లో ఒకరు చదివి వినిపించాలి, మాస్టర్ కాపీలో అప్పుడే దిద్దాలి.

శుక్రవారం అరగంట కలిసి కూర్చోండి. ఒకరు ఒక ఆడిట్ అభ్యంతరం ఫైలు తెచ్చి, అసలు ఎక్కడ తప్పామో చెప్పాలి. పై అధికారి మంజూరు తప్పించుకోవడానికి ఇండెంట్‌ను ముక్కలు చేయకూడదని జీఎఫ్‌ఆర్ 157వ రూల్ చదివితే బుర్రకెక్కదు, మన ఫైలు మీదే ఆడిట్ వాళ్లు రాసింది చూస్తే ఎక్కుతుంది. కొత్తగా చేరినవాళ్లను పెద్దవాళ్ల ముందు అడగడానికి మొహమాటపడేలా చేయకండి. సందేహాలకు వాట్సాప్ గ్రూపు మంచిదే, కానీ బిడ్డర్ల పేర్లు, ధరలు, కమిటీలో మాటలు అందులో పెట్టొద్దు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో రిటైరయ్యేవాళ్లుంటే శాలువా కప్పే రోజుదాకా ఆగకండి. ఇప్పుడే రెండు మధ్యాహ్నాలు వాళ్ల పక్కన కూర్చుని, ఏ బ్యాంకు గ్యారంటీ గడువు ఎప్పుడు తీరుతుందో, ఏ కాంట్రాక్టులో ఏ మాట నోటిమీదే నడుస్తోందో అడిగి మీ చేత్తో రాసుకోండి. రాసింది వాళ్లతోనే ఒకసారి చదివించండి.