డ్రమ్స్‌లో పోయిన దెబ్బ తిరిగి ఎలా వచ్చిందంటే

పాట మిక్స్‌లో విడిగా వింటే కిక్, స్నేర్ డ్రమ్స్ బాగానే ఉన్నాయి. డ్రమ్స్ అన్నీ కలిసే ట్రాక్ (డ్రమ్ బస్) మీద కంప్రెసర్ (బిగ్గరగా ఉన్న శబ్దాన్ని తగ్గించే సాధనం) పెట్టగానే దెబ్బలో పదును పోయి, మెత్తగా వెనక్కి వెళ్లిపోయాయి. రేషియో, అంటే ఎంత గట్టిగా తగ్గించాలన్నది, పెంచాను, ఇంకా చప్పబడింది.

అసలు తప్పు అటాక్‌లో, అంటే కంప్రెసర్ ఎంత త్వరగా నొక్కాలన్న సెట్టింగ్‌లో ఉంది. నేను 1 మిల్లీసెకనుకు పెట్టాను. కర్ర తగిలిన మొదటి క్షణంలోనే కదా దెబ్బ ఉండేది! కంప్రెసర్ దాన్నే నొక్కేస్తోంది. అటాక్‌ను 30 మిల్లీసెకన్లకు తెచ్చాను. ఆ మొదటి చప్పుడు తాకకుండా బయటికి వచ్చి, తర్వాతి భాగం మాత్రమే తగ్గింది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

రిలీజ్ (నొక్కడం వదిలి మామూలు స్థాయికి వచ్చే సమయం) మాత్రం చెవితో, మీటర్‌తో కలిపి చూసుకోవాలి. పాట 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు), అంటే బీట్‌కి 500 మిల్లీసెకన్లు. తర్వాతి దెబ్బలోపు తగ్గింపు చూపే మీటర్ ముల్లు సున్నాకి రావాలని రిలీజ్‌ను 120 మిల్లీసెకన్ల దగ్గర ఉంచాను. రేషియో 4:1, తగ్గింపు 4 డీబీ (డెసిబెల్స్) వరకు.

కాస్త గరుకుదనం కోసం డ్రమ్స్ కాపీ ఒకటి వేరే ట్రాక్‌లో 1176 (పేరున్న పాత స్టూడియో కంప్రెసర్) తరహా కంప్రెసర్‌తో గట్టిగా నలిపి, అసలు డ్రమ్స్ కింద సన్నగా కలిపాను. ఆ 1176 అటాక్ నాబ్ తిరగేసి ఉంటుంది, 7 అంటే అన్నిటికంటే వేగం. జాగ్రత్త.

ఇంకొకటి, కంప్రెసర్ ఆన్, ఆఫ్ చేసి పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా ఉంచండి. కొంచెం బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు వినిపిస్తుంది. నేను చాలాసార్లు అక్కడే మోసపోయాను.