కెల్స్ పుటను గోడకు పెట్టాలనుకుంటే

ఐర్లండ్‌లోని డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్న కెల్స్ గ్రంథం సుమారు క్రీ.శ. 800 నాటి లాటిన్ సువార్తల చేతిరాత ప్రతి. అందులో క్రీస్తు పేరును సూచించే గ్రీకు అక్షరాలతో నిండిన ‘కై రో’ పుటను చాలామంది పోస్టర్‌గా కొంటారు. కొనేముందు ఒక్కటి చూడండి. అక్షరాలకు బంగారు రేకు మెరుపు అద్ది ఉంటే వద్దు. ఈ గ్రంథంలో అసలు బంగారమే వాడలేదు. అందులో కనిపించే పసుపు రంగు హరిదళం అనే ఖనిజం నుంచి వచ్చింది.

సైజు కూడా ముఖ్యమే. అసలు పుట దాదాపు 33 × 25 సెంటీమీటర్లు, అంటే ఎ3 కాగితంలో చక్కగా పడుతుంది. సొంతంగా ప్రింట్ తీయిస్తే ఫైల్ కనీసం 3900 × 3000 పిక్సెళ్లు ఉండాలి. మెరవని మ్యాట్ కాగితమే అడగండి. క్యాన్వాస్ మీద ఆ సన్నని గీతలు అలికినట్టయిపోతాయి.

సోఫా వెనక ఎత్తులో కాకుండా, దగ్గరకు వెళ్లి చూడగలిగే చోట, ఎండ పడని గోడకు, కంటి ఎత్తులో తగిలించండి. ఆ పుట అడుగున పిల్లులు, ఎలుకలు, నోట చేప పట్టిన నీటికుక్క ఉన్నాయి. వాటిని వెతుక్కోవడంలోనే ఉంది ఆనందమంతా!