ఉప్పు పూత జాడీలు, 5వ పాఠం: బట్టీలో ఉప్పు వేయడం

గత పాఠంలో బట్టీ పేర్చడం అయింది. ప్రతి జాడీ అడుగున, మూతకీ అంచుకీ మధ్యన, చైనా క్లే, అల్యూమినా హైడ్రేట్ సమపాళ్ళలో కలిపిన ఉండలు మూడేసి పెట్టారు కదా. పెట్టకపోతే దించి పెట్టండి. ఉప్పు పూతతో మూత అతుక్కుంటే ఇక సుత్తే గతి. మూతేసిన జాడీ లోపలికి ఉప్పావిరి పోదు కాబట్టి లోపల సీసం లేని గ్లేజు ముందే పోసి ఒంపేసి ఉండాలి. గరుకు గోడ ఆవకాయ నూనెని పట్టేసుకుంటుంది, ఎంత కడిగినా వాసన వదలదు.

ఉప్పుకి నౌపడ మడుల గళ్ళుప్పు చాలు, అయోడిన్ ప్యాకెట్లు దండగ. ఘనపుటడుక్కి పావుకిలో లెక్కన 20 ఘనపుటడుగుల బట్టీకి 5 కిలోలు. కొత్త బట్టీ అయితే ఇంకో 3 కిలోలు దగ్గరుంచుకోండి, ముందు ఇటుకలే తాగుతాయి. పావుకిలో చొప్పున పాత పేపర్లో పొట్లాలు కట్టి నీళ్ళు చిలకరించండి. నీటి ఆవిరి తోడైతేనే ఉప్పులోని సోడియం విడివడి, మట్టిలోని సిలికా, అల్యూమినాలతో కలిసి గాజు పూత అవుతుంది. మిగిలింది హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ. తీరం ఊళ్ళలో మధ్యాహ్నం సముద్రగాలి దాన్ని ఇళ్ళ మీదికి తోస్తుంది, రేకుల కప్పులు తుప్పు పడతాయి. గాలి ఎటో చూసుకున్నాకే మొదలెట్టండి. ముక్కుకి తువ్వాలు చాలదు, యాసిడ్ ఆవిరి ఆపే కార్ట్రిడ్జి మాస్కు కావాలి.

కోన్ 8 (బట్టీలో పెట్టే, తగినంత వేడికి మెత్తబడి వంగే చిన్న మట్టి శంకువు) వంగాక, అంటే సుమారు 1,250 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండు పొయ్యిల్లో చెరో పొట్లం వేయండి. చిటపటమని పేలుతుంది, దూరంగా నిలబడండి. వెంటనే డ్యాంపర్, అంటే పొగగొట్టానికి అడ్డంగా ఉండే పలక, సగానికి పైగా మూసి నాలుగైదు నిమిషాలు ఆవిరిని లోపలే తిప్పండి. తర్వాత తెరిచి, పడిపోయిన వేడిని మళ్ళీ ఎక్కనివ్వండి. పది, పన్నెండు నిమిషాలకో విడత. తొందరపడి వరసగా కుమ్మరిస్తే బట్టీ చల్లబడి ఉప్పు పొయ్యిలోనే ముద్దకడుతుంది.

ఇక్కణ్ణుంచి కోన్‌ని నమ్మకండి. ఉప్పావిరి దాన్ని కూడా కరిగిస్తుంది, వంగినంత మాత్రాన వేడి పెరిగినట్టు కాదు. నమ్మాల్సింది రింగుల్ని. జాడీల మట్టితోనే చేసి, చూపుడు రంధ్రం ఎదుట నిలబెట్టిన అయిదారు రింగులు ఇప్పుడు పనికొస్తాయి. మూడో విడత తర్వాత ఒకటి, ఆపైన రెండు విడతలకోటి, ఇనుప కడ్డీతో లాగండి. వెల్డింగ్ అద్దం లేకుండా రంధ్రంలోకి చూడొద్దు. చల్లారిన రింగుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి. మొదటిది నూనె చెయ్యి తగిలినంతే మెరుస్తుంది. నాలుగోదానికి కమలాపండు తొక్కలా చిన్నచిన్న గుంటలు తేలితే పూత నిండినట్టే, పొట్లాలు మిగిలినా ఆపేయండి. ఇంకా వేస్తే పూత కారి అడుగు ఉండల దగ్గర గడ్డకడుతుంది. రంగు మాత్రం రింగుని చూసి తేల్చకండి. అది గాలిలో గబుక్కున చల్లారింది, జాడీ నిదానంగా చల్లారి వేరే రంగు తేలుతుంది.

రింగు ఒక పక్కే మెరిసి రెండో పక్క పొడిగా ఉంటే ఉప్పు తక్కువై కాదు. జాడీలు ఇరుకై ఆవిరి తిరగలేదన్నమాట. ఈ కాల్పుకి చేయగలిగేది లేదు, వచ్చేసారి జాడీల మధ్యన రెండు వేళ్ళ సందు వదలండి. రెండు పక్కలా పొడిగా ఉంటే మాత్రం మరో రెండు పొట్లాలు వేసి చూడండి.