పాత ల్యాప్‌టాప్‌కి కొత్త బ్యాటరీ కొనే ముందు

ముందు బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, క్లిక్ గట్టిపడినా, బల్ల మీద ల్యాప్‌టాప్ ఊగినా అనుమానించాల్సిందే. వెంటనే ఆపేసి చార్జర్ తీసేయండి. నొక్కి సర్దొద్దు, సూదితో గుచ్చొద్దు. లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంట లేవొచ్చు. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.

ఉబ్బలేదా? అయితే చార్జర్ మీద చిన్న అక్షరాలు చదవండి. 65 వాట్లు కావాల్సిన చోట 45 వాట్లది పెడితే చార్జింగ్ నత్తనడక నడుస్తుంది, తప్పేమో బ్యాటరీ మీదికి పోతుంది. నేనూ ఇలాగే ఒకసారి బ్యాటరీ దండగ్గా కొన్నాను.

విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయండి. డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే చార్జ్) 48,000 mWh ఉండి ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 20,000కి పడిపోయి ఉంటే సెల్స్ అరిగిపోయినట్టే. సెట్టింగ్స్ మార్చినా తిరిగిరావు.

80 శాతం దగ్గర ఆగిపోతోందా? టెన్షన్ వద్దు, చార్జింగ్‌ని కావాలనే అక్కడ ఆపేసే చార్జ్ లిమిట్ సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ ఒక్కటే చాలదు. పాత బ్యాటరీ మీది పార్ట్ నంబర్, వోల్టేజ్ ఫొటో తీసుకోండి. ఒకే మోడల్‌లో రెండు రకాల బ్యాటరీలు వస్తుంటాయి.