పోర్చుగల్ తీరంలో మోటార్‌హోమ్‌తో రాత్రి బస: బయలుదేరే ముందు జాగ్రత్తలు

పోర్చుగల్ దక్షిణాన ఉన్న అల్గార్వే తీరానికి మోటార్‌హోమ్‌లో (పడక, వంటగది ఉన్న వాహనంలో) వెళ్లేవారు ఏ రాత్రి ఎక్కడ ఆగుతారో పగటిపూటే ఖరారు చేసుకోవాలి. 2021 ఆగస్టులో సవరించిన రోడ్డు చట్టం ప్రకారం, రాత్రి 9 నుంచి ఉదయం 7 గంటల మధ్య మనుషులు లోపల ఉండగా వాహనం నిలిచి ఉంటే దాన్ని రాత్రి బసగానే లెక్కిస్తారు. తీరప్రాంత ప్రణాళికల పరిధిలోనూ, నాచురా 2000 (ఐరోపా సమాఖ్య ప్రకృతి పరిరక్షణ వ్యవస్థ) ప్రాంతాల్లోనూ, రక్షిత ప్రాంతాల్లోనూ ప్రత్యేకంగా అనుమతించిన స్థలాల్లో తప్ప అది నిషిద్ధం. అల్గార్వే పశ్చిమ కొసన ఉన్న సగ్రెష్ ఊరి దగ్గరి సముద్రపు కొండచరియలు ప్రకృతి ఉద్యానవనంలోకి వస్తాయి కనుక, అక్కడ స్థలం ఎంత ఖాళీగా కనిపించినా, పక్కన మరో నాలుగు బండ్లు ఆగి ఉన్నా, అనుమతి ఉన్నట్టు భావించకూడదు.

మిగతా చోట్ల ఒకే మునిసిపాలిటీలో 48 గంటలకు మించి ఉండరాదు. వీధి మార్చినంత మాత్రాన గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవదు. మోటార్‌హోమ్‌ల కోసమే కేటాయించిన స్థలాలకు ఈ పరిమితి వర్తించదు, అందుకే పిల్లలతో వెళ్లేవారికి అవే మేలని నా అభిప్రాయం.

పార్కింగ్ ప్రవేశంలో ఎత్తును పరిమితం చేసే అడ్డకమ్మీ ఉండవచ్చు కనుక, పైకప్పు మీది ఏసీతో సహా బండి ఎత్తును కొలిచి, ఆ అంకెను స్టీరింగ్ పక్కన అంటించుకోవాలి. గుడారపు పందిరి, కుర్చీలు బయట పరచరాదు.

సింకు, స్నానాల నీరు చేరే వాడిన నీటి ట్యాంకు కవాటం కింద వేలు పెట్టి తడి తగులుతుందేమో చూడాలి. ఒక్కో చుక్కగా కారినా ఆ సబ్బునీరు ఇసుకలోకే ఇంకుతుంది.