ఎండలు ముదరకముందే సక్యులెంట్ కుండీలు మిద్దె మీంచి దించండి

మార్చి వచ్చేసింది. కడప ఎండల గురించి కడపవాళ్లకు చెప్పేదేముంది గానీ, మిద్దె మీద సక్యులెంట్లు, అంటే మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కలు, పెట్టుకున్నవాళ్లు మాత్రం ఇప్పుడే సర్దుకోండి. ఆకు మందంగా ఉంటే చాలు ఎడారి మొక్కే అనుకుంటాం, నర్సరీవాళ్లూ అదే చెప్పి అమ్ముతారు. నిజానికి పువ్వులా విచ్చుకునే ఇయోనియంలు ఎక్కువగా అట్లాంటిక్ సముద్రంలోని కానరీ దీవుల కొండచరియల మీదివి, గ్యాస్టీరియా దక్షిణాఫ్రికాలో పొదల నీడన బతికేది, జేడ్ మొక్కది కూడా ఆ దేశంలో తూర్పు వైపే, ఎడారి కాదు.

మన మే నెలలో 42 డిగ్రీల పగటి కంటే చల్లబడని రాత్రే వీటికి గండం. వీటిలో చాలా మొక్కలు ఆకు రంధ్రాలను రాత్రిపూట తెరిచి గాలి తీసుకుంటాయి, రాత్రి కూడా సెగ తగ్గకపోతే ఆ పని సాగదు, ఎదుగుదల ఆగిపోతుంది, అది చూసి అయ్యో వాడిపోయిందే అని మనం చెంబెడు నీళ్లు పోస్తాం, వేడెక్కిన తడిమట్టిలో వేర్లు కుళ్ళిపోతాయి. ఇయోనియం వేసవంతా నిద్రలో ఉంటుంది. కింది ఆకులు రాలి, పైవి ముడుచుకుంటే టెన్షన్ పడకండి. ఎరువు వద్దు, కుండీ మార్చొద్దు. మట్టి అడుగుదాకా ఎండాకే, అదీ పొద్దు గూకినాక, కొంచెం నీళ్లు.

కుండీని నాపరాళ్ల మీద నేరుగా పెట్టొద్దు, ఆ నల్లరాయి సాయంత్రందాకా కాలుతూనే ఉంటుంది. ఇటుకల మీదకు ఎత్తండి, లేదా తూర్పు వరండాలోకి మార్చండి. కుదరకపోతే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. మట్టిలో సగం కంకర, ముతక ఇసుక ఉండాలి, చరియ మీద రాతి సందుల్లో నీళ్లు నిలవవు కదా.

సముద్రపు దీవుల నుంచి వచ్చిన మొక్కకు ఉప్పు లెక్కా అంటారేమో. అక్కడ వాన కడిగేస్తుంది, కుండీలో బోరునీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుపోతుంది. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లయితే అసలే పోయొద్దు. ఆకుల మీది బూడిదలాంటి పొడిని దుమ్మనుకుని తుడవకండి, ఎండ దెబ్బ నుంచి కాపాడేది అదే.

జూన్‌లో తొలి వాన పడగానే సంబరంగా కుండీలన్నీ బయట పెట్టేస్తారు చూడండి, అదొద్దు. ముందు ఆకుల సందుల్లో పిండినల్లి ఉందేమో చూసుకుని, వారం పాటు చూరు కిందే ఉంచండి.